గ్లాసు మీద మూడుసార్లు

అమ్మ పోయాక కూడా మా ఆఫీసులో ఎనిమిది నెలలు బతికే ఉంది. బతికించింది నేనే. డాక్టర్ల వల్ల కానిది నా వల్ల అయిందని గొప్పలు పోవడానికి చెప్పడం లేదు. అబద్ధమాడి నాలుగు డబ్బులు వెనకేసుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు. నెలనెలా జీతంలో కోత పెట్టించుకుని మరీ అబద్ధమాడినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే అయ్యుంటాను. అందుకని చెబుతున్నాను.

నా ఉద్యోగం క్షమాపణలు చెప్పడం. ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ అమ్మే కంపెనీలో ఫిర్యాదుల విభాగం. తలుపు సరిగా పడటం లేదని ఒకరు, లోపల దీపం వెలగడం లేదని ఇంకొకరు, కొన్న రెండో రోజే మెషీన్ బట్టల్ని పీలికలు చేసిందని మరొకరు రాస్తారు. మేం జవాబులు టైపు చేయాలి. "మీకు కలిగిన ఇబ్బందికి మనస్ఫూర్తిగా చింతిస్తున్నాము. మీ బాధ మాకు అర్థమైంది." ఈ మాట రోజుకు అరవై మందికి చెబుతాను. పద్దెనిమిదేళ్ళ కిందట ఆ వాక్యాలు కూర్చింది కూడా నేనే. ఇప్పుడు కంపెనీలో ఎవరు ఎవరికి సారీ చెప్పాలన్నా అవే వాడతారు.

నాలుగేళ్ళ కిందట ఒక సోమవారం మమ్మల్నందరినీ ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. మొదట్లో ఎగిరి గంతేసినంత పని చేశాం. బస్సు కోసం పరుగు లేదు, డబ్బా కట్టుకోవడం లేదు, చెప్పులతో అవసరమే లేదు. కంపెనీకి మాకంటే ఎక్కువ సంతోషం. మూడంతస్తుల్లో రెండు ఖాళీ చేసి అద్దె మిగుల్చుకుంది. ఆ మిగిలినదాంట్లోంచి మా కరెంటు బిల్లుకు చిల్లిగవ్వ ఇవ్వలేదు సరికదా, ఇంట్లోనే ఉంటున్నారు గదా అని బస్సు ఖర్చులు కూడా పీకేసింది. నడుం నొప్పి వస్తే కుర్చీ నేనే కొనుక్కున్నాను. ఆఫీసు కింద క్యాంటీన్ నడిపే ఆవిడ మూణ్ణెల్లు చూసి తాళం వేసింది. మా వీధి చివర ఇస్త్రీ కొట్టాయన ఒకరోజు నన్ను ఆపి, "మీరంతా రాత్రి బట్టల్లోనే ఉద్యోగాలు చేసేస్తుంటే నేనేం ఇస్త్రీ చెయ్యాలమ్మా?" అని నిలదీశాడు. అలవాటు కొద్దీ సారీ అన్నాను. తర్వాత అతను ఇస్త్రీ పెట్టె ఇంట్లో పడేసి ఫోన్లకు అద్దాలు అతికించే పని మొదలుపెట్టాడు.

ఇంట్లో నేనూ అమ్మా ఇద్దరమే. నాన్న ఎప్పుడో పోయారు. అన్నయ్య వేరే ఊళ్ళో ఉంటాడు. నా పెళ్ళి గురించి అడిగేవాళ్ళు అడిగి అడిగి అలిసిపోయారు. అమ్మ అప్పటికింకా బాగానే తిరుగుతోంది. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు నన్ను చూసి, "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నువ్వు కూర్చుని సంపాదిస్తుంటే పెరుగుతున్నాయేమిటే?" అని నా నడుం వైపు చూసేది.

ఏడాది తిరిగేసరికి రెండు విభాగాలు కలిపేసి నన్ను కొత్త జట్టులో వేశారు. ఆరుగురు మనుషులు, పైన ఒక లీడరు. వాళ్ళలో ఒక్కరి మొహం కూడా నేను చూడలేదు. ఇంటర్నెట్ ఆగిపోతోందని కెమెరాలు వద్దన్నారు. దానికి బదులు మా లీడరు ఒక పద్ధతి కనిపెట్టాడు. పొద్దున్న తొమ్మిదిన్నరకు అందరం ఒకే కాల్‌లో కలవాలి. సాయంత్రం ఆరు దాకా ఎవరూ కట్ చెయ్యకూడదు, మైకు ఆపకూడదు. దాని పేరు 'హాలు'. ఒకే హాల్లో పక్కపక్కన కూర్చున్నట్టు ఉండాలని అతని ఉద్దేశం. ఎవరు ఎన్నిసార్లు లేస్తున్నారో తెలుస్తుందని కంపెనీ ఉద్దేశం. హాల్లోంచి లేవాలంటే ఎందుకో చెప్పి లేవాలి.

అలా నాకు మనుషులు చప్పుళ్ళతో తెలిశారు. ఒకావిడ ఇంట్లో సరిగ్గా పదకొండింటికి కుక్కర్ నాలుగు కూతలు వేసేది. ఆవిడ నాకు కుక్కరావిడ. ఒకాయన తుమ్మడం మొదలుపెడితే ఐదుకి గానీ ఆగడు. ఆయన తుమ్ములాయన. ఇంకొకబ్బాయి ఇంటికి రోజుకు పదిసార్లు పార్శిళ్ళవాళ్ళు వచ్చి గంట కొట్టేవాళ్ళు. అతను గంటబ్బాయి. వాళ్ళంతా నన్ను అక్కా అనేవాళ్ళు. లీడరు నాకంటే పదేళ్ళు చిన్నవాడే అయినా పద్ధతిగా మేడం అనేవాడు.

ఆ వేసవిలో అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పోయింది, మాట ముద్దయిపోయింది. జన్మంతా నోటితో నెగ్గుకొచ్చిన మనిషికి నోరే పోయింది. ఎడమ చెయ్యి మాత్రం ఆడుతోంది. మంచం పక్కన స్టూలు వేసి, దాని మీద ఒక స్టీలు గ్లాసు, చెంచా పెట్టాను. చెంచాతో గ్లాసు మీద ఒకసారి కొడితే మంచినీళ్ళు. రెండుసార్లు కొడితే పక్కకు తిప్పాలి. ఈ ఒప్పందం ఇద్దరం కలిసి చేసుకున్నదే. మూడుసార్లన్నది మాత్రం అమ్మ సొంతంగా కలిపింది. మొదటిసారి మూడు వినబడినప్పుడు పరుగెత్తుకెళ్ళి, నీళ్ళా, తిప్పాలా, ఎక్కడైనా నొప్పా అని అడిగాను. అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. ఎడమ చేత్తో మంచం మీద తట్టి కూర్చోమంది. మూడుసార్లంటే ఏమీ లేదు, ఊరికే రమ్మని.

ఆ చప్పుడు హాల్లో అందరికీ వినిపించేది. వినగానే ఎవరో ఒకరు, "వెళ్ళక్కా, మేం చూసుకుంటాం," అనేవాళ్ళు. నా వంతు ఫిర్యాదులు తలా ఒకటి తీసుకునేవాళ్ళు. కొన్నాళ్ళకి వాళ్ళకు లెక్క కూడా వచ్చేసింది. నేను టైపు చేస్తూ వినిపించుకోకపోతే, "రెండక్కా, తిప్పాలేమో చూడు," అని కుక్కరావిడ గుర్తు చేసేది. మొహాలు తెలియని మనుషులు మా అమ్మను పక్కకు తిప్పించారంటే ఎవరికైనా నవ్వు రావచ్చు, నాకు మాత్రం వాళ్ళంటే చాలా ఇష్టం పుట్టింది.

మళ్ళీ ఆఫీసుకు రమ్మన్నప్పుడు, అంతస్తులు వదిలేసుకున్నారు కాబట్టి కుర్చీలు చాల్లేదు. వంతులవారీగా వారానికి మూడు రోజులు రండి, మిగతా రోజులు ఇంట్లో ఉండండి, హాలు మాత్రం ఎప్పట్లాగే నడుస్తుంది అన్నారు. ఇంట్లో మంచాన పడ్డవాళ్ళు ఉంటే పూర్తిగా ఇంటి నుంచే చేసుకోవచ్చు, జీతంలో ఎనిమిదో వంతు కోత. నేను మారు మాట్లాడకుండా సంతకం పెట్టాను. ఇంట్లో మనిషిని పెట్టుకుంటే అంతకు రెట్టింపు అవుతుంది.

ఇక ఆ శుక్రవారం గురించి చెప్పాలి.

సాయంత్రం నాలుగైంది. ఎవరో ఒకావిడ తన ఫ్రిజ్‌లో దీపం వెలగడం లేదని రెండు పేజీలు రాసింది. దానికి జవాబు టైపు చేస్తున్నాను. లోపల గ్లాసు మోగింది, మూడుసార్లు.

"మూడక్కా," అన్నాడు తుమ్ములాయన.

"వెళ్ళండి మేడం, మేం చూసుకుంటాం," అన్నాడు లీడరు.

"ఈ రెండూ అయిపోనివ్వండి," అని వాళ్ళతో చెప్పి, గది వైపు తిరిగి, "వస్తున్నానమ్మా!" అని కేకేశాను. రెండు కాస్తా ఐదయ్యాయి. మధ్యలో ఇంకోసారి మూడు వినిపించింది, ఈసారి మెల్లగా. మళ్ళీ "వస్తున్నా" అన్నాను. నాలుగున్నరకు వెళ్ళి చూస్తే కళ్ళు మూసుకుని ఉంది, చేతిలో చెంచా అలాగే ఉంది. నిద్రపోయిందనుకున్నాను. చెంచా తీసి గ్లాసులో వేసి, మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఆరింటికి హాలు మూసేసి లేపబోతే అమ్మ లేదు.

ఆ అరగంట గురించి నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి ఎవరికీ తెలియదు. ఏదో ఒక ఫ్రిజ్‌లో దీపం వెలగకపోతే ప్రపంచం ఆగిపోదని నాకు ఆ రోజు తెలియలేదు. ఇప్పుడు తెలిసి ఏం లాభం?

అన్నయ్య వచ్చాడు, జరగాల్సినవి జరిగాయి, నాలుగో రోజు వెళ్ళిపోయాడు. ఆఫీసుకు శని, ఆదివారాలు ఎలాగూ సెలవు. సోమవారం పొద్దున్న లీడరుకు మెసేజ్ పెట్టబోతే 'పోయింది' అన్న మాట నా వేళ్ళకు రాలేదు. 'అమ్మకు బాగాలేదు, రెండు రోజులు రాను' అని పెట్టాను. చెప్పేదేదో నోటితోనే చెబుదామనుకున్నాను.

బుధవారం తొమ్మిదిన్నరకు హాల్లోకి వచ్చాను. ఏం చెప్పాలో ముందే రెండుసార్లు పైకి అనుకుని మరీ వచ్చాను.

"మేడం, అమ్మగారికి ఎలా ఉంది?" అన్నాడు లీడరు. ఆ రోజు అందరిదీ ఇంటి వంతే, ఏడు ఇళ్ళలో ఫ్యాన్లు తిరగడం వినిపిస్తోంది. ఎవరూ టైపు చెయ్యడం లేదు. నా జవాబు కోసం ఆగారు.

"ఇప్పుడు నయమేనండి," అన్నాను.

"హమ్మయ్య! రెండు రోజులుగా ఎంత కంగారు పడ్డామో అక్కా," అంది కుక్కరావిడ.

అమ్మ బాగుందని విని సంతోషించిన మనుషులు ఆ వారంలో వాళ్ళే. ఆ సంతోషాన్ని లాగేసుకోవడానికి నాకు నోరు రాలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. రేపటికి అది రెండు రోజుల అబద్ధమైంది. వారానికి వారం అబద్ధమైంది. ఆ తర్వాత ఇక మింగలేక కక్కలేక అన్నట్టు అయిపోయింది నా పని.

అమ్మ గ్లాసూ చెంచా తెచ్చి కంప్యూటర్ పక్కన పెట్టుకున్నాను. ఊరికే, కళ్ళముందు ఉంటుందని. రెండో వారంలో ఒకరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి ఏడుపు తన్నుకొచ్చింది. హాల్లోంచి లేవాలంటే కారణం చెప్పాలి. ఏం చెప్పాలో తెలియక నా చెయ్యి చెంచా మీదికి పోయింది. రెండుసార్లు కొట్టాను.

"వెళ్ళక్కా, మేం చూసుకుంటాం."

లోపలికి వెళ్ళి ఖాళీ మంచం ముందు నిలబడి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను. "తిప్పావా?" అంది కుక్కరావిడ. తిప్పానన్నాను. ఆ తర్వాత అది రోజూ పనైపోయింది. ఒకసారి కొట్టేదాన్ని, రెండుసార్లు కొట్టేదాన్ని. మూడు మాత్రం ఎప్పుడూ కొట్టలేదు. అది అమ్మది.

నిజం చెబితే కోత పోయి జీతం పూర్తిగా వస్తుంది. ఆ సంగతి నాకు తెలియక కాదు. కానీ శుక్రవారం ఆరింటికి హాలు మూసుకుంటే, మళ్ళీ సోమవారం తొమ్మిదిన్నర దాకా నా నోట్లోంచి మాట బయటికి వచ్చే పనే ఉండేది కాదు. ఆదివారం అన్నయ్య ఐదు నిమిషాలు ఫోన్ చేసేవాడు. "ఒక్కదానివే ఎందుకే, మా దగ్గరికొచ్చెయ్," అని, నేనెక్కడ సరేనంటానో అని వెంటనే వాళ్ళిల్లు ఎంత ఇరుకో చెప్పేవాడు. సోమవారం పొద్దున్న గొంతు పెగలకపోతే హాల్లోకి వచ్చే ముందు గోడ వైపు చూసి రెండు ముక్కలు మాట్లాడి సరిచేసుకునేదాన్ని. రోజు మొత్తంలో నన్ను ఎవరైనా అడిగే ప్రశ్న ఒక్కటే, 'అమ్మగారు ఎలా ఉన్నారు?' అమ్మ లేదని చెబితే, రేపట్నుంచి నన్ను ఏమని అడుగుతారు? ఆ ఒక్క ప్రశ్న కోసం ఎనిమిదో వంతు జీతం కట్టాను. దండగని నేననుకోలేదు.

ఎనిమిదో నెలలో కంపెనీ నుంచి కాగితం వచ్చింది. ఇంటి అనుమతులన్నీ మళ్ళీ చూసి ఇంకో ఆరు నెలలకు పొడిగిస్తారట. కంప్యూటర్లు కూడా మార్చేది ఉంది కాబట్టి, కొత్తది బిగించడానికి వచ్చిన మనిషే మంచాన ఉన్నవారిని కళ్ళారా చూసి సంతకం పెట్టాలి. మా ఇంటికి రావలసింది వైర్ల బాబాయి.

వైర్ల బాబాయి నాకు పాత ఆఫీసు నుంచీ తెలుసు. కంప్యూటర్లు బాగుచేసే మనిషి. భుజం మీద ఎప్పుడూ రెండు మూడు వైర్లు వేలాడుతూ ఉంటాయి, కండువా మరిచిపోయి వైరు వేసుకొచ్చాడని ఏడిపించేవాళ్ళం. అందరికీ బాబాయే. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు. అలాంటి మనిషిని మోసం చెయ్యాలని నేను పొద్దున్నే లేచి మంచం సర్దాను. రెండు తలగడలు పొడుగ్గా పెట్టి దుప్పటి కప్పాను. కిటికీ తెర వేశాను. మందుసీసాలు స్టూలు మీద వరసగా పెట్టాను. తలుపు ఓరగా వేసి, ఇవతల నుంచి చూసుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే ఉంది నా వ్యవహారం. అయినా బాగానే కుదిరిందనుకున్నాను. ఆ హడావిడిలో ఒక్కటి మరిచాను.

పదిన్నరకు వచ్చాడు.

"ఏమ్మాయ్, బాగా చిక్కిపోయావ్?"

"మీరు తెల్లబడ్డారు బాబాయ్."

"జుట్టా, మొహమా?"

"రెండూ."

నవ్వి, బ్యాగు దింపి, పాత కంప్యూటర్ వైర్లు పీకేశాడు. హాలు ఆగిపోయింది. పని వేళలో ఇంట్లో అంత నిశ్శబ్దం విని చాలాకాలమైంది. పని చేస్తూనే కబుర్లు చెప్పాడు. "మీ లీడరు ఎక్కడ కూర్చుని పని చేస్తాడో తెలుసా? స్నానాల గది గుమ్మంలో. ఇంట్లో ఆ ఒక్కచోటే ఖాళీ. ఆ తుమ్మేవాడు లేడూ, వాడికి బీరువా వెనకాల సందు దొరికింది. దుమ్ము కాక ఇంకేముంటుంది అక్కడ? మీ జట్టులో ఎవరింటికెళ్ళినా మీ అమ్మగారి సంగతే. ఆవిడ గ్లాసు వినబడకపోతే తోచదంటారు." అంటూ కొత్త కంప్యూటర్‌కు చోటు చెయ్యడానికి టేబుల్ మీదున్నవి ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతున్నాడు. పెన్నులు, కాగితాలు, గ్లాసు.

గ్లాసు దగ్గర ఆగిపోయాడు.

అడుగున టేబుల్ మీద గుండ్రంగా మచ్చ పడి ఉంది. ఒకటి రెండు రోజుల్లో పడే మచ్చ కాదు. బాబాయి చేతిలో గ్లాసు, చెంచా. గది తలుపు వైపు చూశాడు. టేబుల్ నుంచి మంచం దాకా పన్నెండు అడుగులు ఉంటుంది. మంచం దిగలేని మనిషి గ్లాసు ఇక్కడెందుకుంటుందో కనుక్కోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నేను అనవసరంగా నా పైట సర్దుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే గదా అనిపించింది.

మెల్లగా వెళ్ళి, తలుపు తోసి, లోపలికి చూశాడు. గుమ్మంలోనే కాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి, వైర్లు బిగించి, కంప్యూటర్ ఆన్ చేశాడు. హాలు తెరుచుకుంది. అంతా ఒక్కసారి వచ్చిపడింది, ఫ్యాన్లూ, కీబోర్డులూ, ఎక్కడో కుక్కర్ కూత.

"బాబాయ్, బిగించేశారా? అమ్మగారిని చూశారా?" లీడరు గొంతు.

బాబాయి నా వైపు చూశాడు.

"పడుకున్నట్టున్నారు. నేను లేపలేదు," అని, మైకు వైరు ఊడబీకాడు. తర్వాత స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఎప్పుడమ్మా?"

"ఎనిమిది నెలలైంది."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. గ్లాసు ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. "మా ఆవిడ పోయాక ఇంట్లో ఉండలేక వారం తిరక్కుండా ఆఫీసుకొచ్చేశాను. గుర్తుందా? నువ్వే క్యాంటీన్‌కి లాక్కెళ్ళావు. ఏం మాట్లాడలేదు నువ్వు. చల్లారిపోతోంది, తాగండి బాబాయ్ అన్నావంతే. ఇప్పుడు ఆ క్యాంటీనూ లేదు. ఎవరింట్లో ఎవరు పోయారో, నాలా వైర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడికి తప్ప ఎవరికీ తెలీడం లేదు."

"సంతకం పెడతారా బాబాయ్?" అన్నాను. అడగకూడదని తెలిసే అడిగాను.

"పెట్టనమ్మా. ఉద్యోగం పోతుందని కాదు, రెండు నెలల్లో ఎలాగూ పోయేదే. నేను సంతకం పెడితే ఆవిడ ఇంకో ఆరు నెలలు ఆ మంచం మీద పడి ఉండాలి. చాలదా ఆవిడ పడింది?" లేచాడు. "కాగితం రేపు మధ్యాహ్నం దాకా నా బ్యాగులోనే ఉంటుంది. ఈలోపు నువ్వు చెప్పుకుంటే నీ నోటితో చెప్పుకున్నట్టు ఉంటుంది."

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. చేతిలోని గ్లాసు నాకిచ్చి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం తలగడలు తీసేశాను, దుప్పటి మడతపెట్టాను. గ్లాసు తోమి వంటింట్లో మిగతా గ్లాసుల పక్కన బోర్లించాను. తోమేటప్పుడు చూస్తే అంచుకు ఒకవైపు చిన్న చిన్న నొక్కులు పడి ఉన్నాయి. అమ్మ కొట్టినవేవో నేను కొట్టినవేవో చెప్పలేకపోయాను.

మర్నాడు తొమ్మిదిన్నరకు లీడరు అడిగాడు, "అమ్మగారు ఎలా ఉన్నారు మేడం?"

"అమ్మ పోయిందండి. ఎనిమిది నెలలైంది. మీకు చెప్పలేదు."

ఎవరింట్లోనో గంట మోగింది, ఎవరూ వెళ్ళి తలుపు తియ్యలేదు. గంటబ్బాయి, "మరి ఆ గ్లాసు?" అన్నాడు, చిన్నగా.

"నేనే కొట్టేదాన్ని."

"రోజూనా అక్కా?"

"రోజూ."

కుక్కరావిడ ముక్కు ఎగబీల్చడం వినబడింది. నా మీద కోపమో, అమ్మ మీద ప్రేమో నాకు తెలియలేదు. లీడరు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. "సరే మేడం. నేను పైకి తెలియజెయ్యాలి," అన్నాడు. ఆ రోజు పదకొండింటికి కుక్కర్ ఏడు కూతలు వేసింది. కట్టెయ్యమని ఎవరూ గుర్తు చెయ్యలేదు.

రెండు రోజుల్లో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. 'మీకు కలిగిన ఇబ్బందికి మనస్ఫూర్తిగా చింతిస్తున్నాము. మీ బాధ మాకు అర్థమైంది.' నా వాక్యాలే. ఒక్క అక్షరం కూడా మార్చలేదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ మాటలు అందుకున్నవాళ్ళకు ఎలా ఉండేదో అప్పుడు తెలిసి, ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. కింద ఇంకో నాలుగు ముక్కలు ఉన్నాయి. ఇంటి అనుమతి రద్దయింది. ఒకటో తారీకు నుంచి వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలి. కోత ఆగిపోతుంది, పాత కోత వెనక్కి రాదు. తల్లి పోయినందుకు ఇచ్చే సెలవు నెల రోజుల్లోపు అడగలేదు కాబట్టి చెల్లదు.

ఆఫీసుకు వెళ్ళే ముందు రోజు చీర తీసుకుని ఇస్త్రీ కొట్టుకు వెళ్ళాను. "పెట్టె ఇంట్లో ఉందమ్మా, మీ కోసం తెప్పిస్తాలెండి," అన్నాడు, సంతోషంగా. "అమ్మగారు బాగున్నారా?" అని కూడా అన్నాడు, అమ్మ పోయినప్పుడు అతను ఊళ్ళో లేడు. లేదని అతనికి చెప్పడం అంత కష్టం కాలేదు.

ఆఫీసులో ఒకటే అంతస్తు. ఎవరి కుర్చీ అంటూ ఏదీ లేదు, ఏ రోజు ఏ నంబరు వస్తే అక్కడ కూర్చోవాలి. నేను పద్దెనిమిదేళ్ళు చేసిన చోట నాకు ఒక్క మొహమూ తెలియదు. అందరి చెవుల్లోనూ హెడ్‌ఫోన్లు. హాలు ఇక్కడ కూడా నడుస్తోంది, పక్క కుర్చీలో ఉన్నవాళ్ళు కూడా హాల్లోనే మాట్లాడుకుంటున్నారు. ఒకాయన వరసగా ఐదు తుమ్ములు తుమ్మితే గానీ ఎవరో తెలియలేదు. కుక్కరావిడ నాకంటే పెద్దదనుకున్నాను. ముప్ఫై కూడా దాటని పిల్ల. "వచ్చారా అక్కా," అంది. ఇన్నాళ్ళూ నువ్వు అన్న పిల్ల మీరు అంది. కుక్కర్ లేకుండా ఆ పిల్లతో ఏం మాట్లాడాలో నాకూ తోచలేదు.

తొమ్మిదిన్నరకు లీడరు అందరినీ పలకరించాడు. నా దగ్గరికొచ్చేసరికి, ఆ ప్రశ్న ఉండే చోట, ఒక్క క్షణం ఆగాడు. "మేడం, మీకు ఇవాళ యాభై ఎనిమిది ఫిర్యాదులు ఉన్నాయి," అన్నాడు. సరేనన్నాను. మధ్యాహ్నం డబ్బా ఒక్కదాన్నే తిన్నాను. పక్క టేబుల్ దగ్గర నలుగురు తింటున్నారు గానీ, వాళ్ళు నన్ను పిలవాలో వద్దో తేల్చుకునేలోపు నా తిండి అయిపోయింది. వాళ్ళను తప్పు పట్టను. ఎనిమిది నెలలు చచ్చిపోయిన మనిషిని పక్కకు తిప్పించినదాన్ని నేను.

నాలుగింటికి ఒక ముసలాయనకు జవాబు రాస్తున్నాను. ఫ్రిజ్ పెద్ద చప్పుడు చేస్తోందట, ఇంట్లో తను తప్ప ఎవరూ లేరట, అయినా నిద్ర పట్టడం లేదట. 'మీకు కలిగిన' దాకా టైపు చేశాను.

గ్లాసు మోగింది. మూడుసార్లు.

"వస్తున్నానమ్మా!"

అప్పటికే లేచి నిలబడ్డాను. కుర్చీ వెనక్కి పోయి గోడకు కొట్టుకుంది. నా కేక హెడ్‌ఫోన్లలో అందరి చెవుల్లోనూ పడింది. ఆఫీసులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. టీ మెషీన్ దగ్గర తుమ్ములాయన, ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసులో చక్కెర కలిపి, చెంచాకు అంటిన టీ దులపడానికి అంచు మీద కొట్టినవాడు, ఆ చెంచా అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. మొహం పాలిపోయింది పాపం. ఎవరూ నవ్వలేదు. నేను కూర్చోవాలో, ఇంటికే వెళ్ళిపోవాలో తెలియక నిలబడ్డాను.

"వెళ్ళక్కా," అంది కుక్కరావిడ, హెడ్‌ఫోన్లు తీసేసి. "మేం చూసుకుంటాం."

వెళ్ళాను. బయట మెట్ల దగ్గర ఒక బల్ల ఉంది, అక్కడెవరూ లేరు. పక్కన కాస్త చోటు వదిలి కూర్చున్నాను. నీళ్ళు ఇవ్వక్కర్లేదు, తిప్పక్కర్లేదు. ముసలాయన జవాబు సగంలోనే ఉంది. ఆరయ్యేదాకా నేను అక్కణ్ణుంచి లేవలేదు.